ఉలిగమ్మ పోయింది

ఎల్లప్ప పటాల అంగడిలో అడుగుపెట్టిన వనితకు ఉలిగమ్మ చనిపోయి కనిపించింది.

మెడలో పసుపు చామంతుల దండ. నొసట బిళ్లంత కుంకుమ. గోడకు ఆనుకుని, కదలకుండా, సూటిగా వనితనే చూస్తోంది.

అది అసలు ఉలిగమ్మ కాదు. వనిత గీసిన ఉలిగమ్మ. నిలువెత్తు బొమ్మ. అసలు ఉలిగమ్మ రాత్రి వనిత ఇంట్లోనే పడుకుంది. చీకటితోనే లేచి, చెంబెడు మజ్జిగ తాగి, మొదటి బస్సెక్కి ధర్మవరం వెళ్లింది. అంత నిక్షేపంగా తిరుగుతున్న మనిషి బొమ్మకు ఎవరో దండ వేశారు. ఫ్రేము కట్టిన ముసలమ్మ బొమ్మ మీద దండ పడితే దానికి ఒకటే అర్థం. అది హిందూపురంలో చంటిపిల్లలకు కూడా తెలుసు.

"ఎల్లప్పా!" అని అరిచింది వనిత.

ఎల్లప్ప వీధిలోంచి టీ గ్లాసుతో పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది మేడమ్? షట్టరెత్తి అట్ల పోయి ఇట్ల వచ్చినా."

"ఈ దండ నువ్వేసినావా?"

ఎల్లప్ప దండను చూశాడు. గ్లాసు కింద పెట్టాడు.

"నేనా? చిన్నప్పట్నుంచి పటాలు కడతాండా మేడమ్. ముసిలోళ్ల పటం నా అంగడికి వచ్చేదే వాళ్లు పోయినాక. అట్లని ఒక్కరికన్నా నేను దండ ఏసినానా? అది ఇంటోళ్లు తెచ్చుకోవల్ల. సొంత దుడ్లు పెట్టి పూలు కొనే మొగమా ఇది?"

వనిత ఆ మొహాన్ని పరీక్షగా చూసింది. కాదు. ఆ ఒక్క విషయంలో ఎల్లప్పను పూర్తిగా నమ్మవచ్చు.

ఇక మిగిలింది అంగడి మెట్టు మీద కూర్చున్న దాసప్ప. ఉలిగమ్మ భర్త. ఫ్యాను కింద నిద్ర పట్టదని రాత్రంతా ఆ మెట్టు మీదే పడుకున్నాడు. పొద్దున బస్టాండుకు పోయి భార్యను బస్సెక్కించి, తిరిగొచ్చి మళ్లీ అక్కడే కూర్చున్నాడు. ఆయన మాట్లాడే మనిషి కాదు. ఇన్నేళ్ల కాపురంలో ఇద్దరికీ కావలసిన మాటలన్నీ ఉలిగమ్మే మాట్లాడింది. ఆయన వాటాకు వచ్చింది 'ఊ' ఒక్కటే.

"తాతా, లోపలికి ఎవరన్నా వచ్చినారా?"

"ఎవురూ రాలా," అన్నాడు దాసప్ప.

వనిత దండను లాగి బల్ల మీదికి విసిరింది. కుంకుమ మాత్రం రాలేదు. బొమ్మకు పూసిన వార్నిష్ ఇంకా పచ్చిగానే ఉంది. గట్టిగా తుడిస్తే బొట్టుతో పాటు నుదురు కూడా ఊడొచ్చేలా ఉంది.

"ఉండనీలే. ముందు పెనుకొండ చేరితే చాలు," అంది వనిత.

ఆ రోజు చేయవలసిన పని నిజానికి చాలా తేలిక. బొమ్మను ఎల్లప్ప ట్రాలీ ఆటోలో వేసుకుని పెనుకొండ వెళ్లాలి. అక్కడ ఒక కల్యాణ మండపంలో చిత్రప్రదర్శన. వనిత హిందూపురంలో ఒక బడిలో డ్రాయింగు టీచరు. పదిమంది ముందు ఆమె బొమ్మ పెట్టడం ఇదే మొదటిసారి.

బొమ్మలో ఉలిగమ్మ రామగిరి పక్కన తన మెట్ట పల్లెలో, గొర్రెల మంద నడుమ నిలబడి ఉంది. వెనుక పాత బంగారు గనుల మట్టిదిబ్బలు. ఆకాశంలో ఒకే ఒక మబ్బు. ఆ మబ్బు అంచుకు వనిత ధర్మవరం మగ్గాల దగ్గర ఏరుకొచ్చిన జరీ పోగులు అతికించింది. ఉలిగమ్మ భుజం మీద రంగు వేయలేదు. ఆమె పాత కంబళి లోంచి కోసిన ముక్కనే అంటించింది. చెప్పుల్లేని కాళ్లు. చేతిలో కర్ర. నొసట చెమటకు సగం కరిగిపోయిన బొట్టు. ఆ కరిగిన బొట్టు కోసం వనిత వారం రోజులు కష్టపడింది.

బొమ్మ పేరు 'ఇంగా ఉండాను'. ఆ పేరు కూడా ఉలిగమ్మదే. ఎట్లుండావని ఎవరడిగినా ఆమె చెప్పే జవాబు అది. అదీ ఎదుటివాళ్లను బెదిరిస్తున్నట్టు చెబుతుంది.

అయితే ఉలిగమ్మ ఈ బొమ్మ మీద పెద్ద పందెమే కాసింది. ఆమె కొడుకు బాలాజీ ధర్మవరంలో పట్టుచీరల అంగడిలో గుమాస్తా. తల్లి గొర్రెలు మేపడం అతనికి తల కొట్టేసినట్టుగా ఉంది. మందను అమ్మేసి ధర్మవరం వచ్చి నీడపట్టున కూర్చోమని ఏడాదిగా పోరుతున్నాడు. గొర్రెల వ్యాపారితో మాట్లాడి పెట్టాడు కూడా. చివరికి ఉలిగమ్మ ఒక మాట అంది. "పెనుకొండకొచ్చి నా బొమ్మ చూడు. చూసినాక గూడా అమ్మమంటే అమ్మేస్తా. లేదంటే జన్మలో మళ్లీ ఆ మాట ఎత్తగూడదు." బాలాజీ రానన్నాడు. అందుకే అతన్ని రెక్కపట్టి లాక్కురావడానికి ఆమె స్వయంగా బయల్దేరింది. వెళుతూ వెళుతూ, "వానికి ఫోన్లు గీన్లు చేయగాకండి. తెలిస్తే ఇంటికి తాళమేసి పారిపోతాడు," అని హెచ్చరించింది.

కాబట్టి మధ్యాహ్నం లోపు తల్లి, కొడుకు, బొమ్మ ఒకచోట చేరాలి. చేరకపోతే మంద పోతుంది. మంద పోతే ఉలిగమ్మ ధర్మవరంలో ఒక గదిలో గోడ చూస్తూ కూర్చోవాలి.

ట్రాలీ బయల్దేరింది. ముందు ఎల్లప్ప, వనిత. బొమ్మ కుదుపులకు పడిపోకుండా పట్టుకోవడానికి వెనుక దాసప్ప. తలకు తువ్వాలు చుట్టుకుని, బొమ్మను ఒక చేత్తో పొదివి పట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాడు. ఆయన ఎప్పుడూ అలాగే కూర్చుంటాడు. ఆ సంగతి తెలియనివాళ్లకు మాత్రం అది వేరుగా కనిపిస్తుంది.

సోమందేపల్లిలో ఎల్లప్ప టీ కోసం ఆపాడు. అతనూ వనితా హోటల్లోకి వెళ్లారు. సరిగ్గా అప్పుడే ఉలిగమ్మకు వరసకు చెల్లెలయ్యే రంగనాయకమ్మ కూరగాయల సంచితో ఆ దారిన వచ్చింది. ముందు దాసప్పను చూసింది. తర్వాత ఆయన పక్కన ఉన్నదాన్ని చూసింది. సంచి జారి టమాటాలు రోడ్డంతా దొర్లాయి.

"బావా! ఏంది బావా ఇది? అక్క పోయిందా?"

"ఊ. పోయింది," అన్నాడు దాసప్ప.

"ఎప్పుడు?"

"పొద్దున్నే. తెల్లారకముందే."

"అయ్యో దేవుడా! ఏమన్నా తిప్పలు పడిందా?"

"ఏం లేదు. నవ్వుకుంటా పోయింది."

"పుణ్యాత్మురాలు!" రంగనాయకమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "పోతా పోతా ఏమన్నా చెప్పిందా?"

"గొర్లు భద్రమనింది."

"ఆఖరికి గూడా గొర్లేనా! బాలాజీకి చెప్పినారా?"

"వానికి చెప్పొద్దనింది."

రంగనాయకమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "కన్నకొడుక్కి చెప్పొద్దనిందా! అంత కోపంతో పోయిందా?"

దాసప్ప ఆలోచించాడు. ఉలిగమ్మకు కొడుకు మీద కోపం ఉన్నమాట నిజమే.

"ఊ. కోపమే."

"ఇప్పుడు యాడికి తీస్కపోతాండారు?"

"పెనుకొండకు. కల్యాణ మండపంలో పెడతారంట. అందరూ వచ్చి చూసేకి."

రంగనాయకమ్మకు ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు. "నువ్వు నడు బావా, మావాళ్లనందరినీ పిల్చుకోని వస్తా," అని దొర్లిన టమాటాలు దొర్లినట్టే వదిలేసి, నడుస్తూనే ఫోన్ తీసింది. ముందు బాలాజీకి చేసింది. తర్వాత తన ఫోన్లో ఉన్న అందరికీ, అక్షరక్రమంలో చేసింది.

వనిత టీ తాగి వచ్చి, ముందు సీటెక్కుతూ అడిగింది. "ఎవరు తాతా ఆమె?"

"మనోళ్లే," అన్నాడు దాసప్ప.

ట్రాలీ మళ్లీ కదిలింది. దారిలో రెండు ఆటోలు, ఒక జీపు వాళ్లను దాటిపోయాయి. వాటి నిండా మనుషులు. అందరూ వెనక్కి తిరిగి దాసప్పకు దండం పెట్టారు. ఆయన కూడా పెట్టాడు.

పెనుకొండలో మండపం ముందు జనాన్ని చూసి వనిత పొంగిపోయింది. బొమ్మలు చూడటానికి ఇంతమంది వస్తారని ఆమె కలలో కూడా అనుకోలేదు. అయితే ఆడవాళ్లు ఏడుస్తున్నారు. మగవాళ్లు నెత్తిన గుడ్డలు కప్పుకున్నారు. ఎవరో అప్పుడే చావుకు పలకలు కొట్టేవాళ్ల గురించి అడుగుతున్నారు.

ఆమె దిగి వెనక్కి వచ్చి చూసింది.

దండ మళ్లీ ఉలిగమ్మ మెడలో ఉంది.

హిందూపురంలో బల్ల మీద విసిరేసిన దండ. అదే దండ. ఎల్లప్ప దారి పొడుగునా తన పక్కనే ఉన్నాడు, హోటల్లో కూడా కదల్లేదు. మరి ఎవరు? దాసప్పా? 'ఊ' అనడానికే ఆయాసపడే మనిషి దండ వేసే పని పెట్టుకుంటాడా? వనిత ఆ ఆలోచనను అక్కడే కొట్టేసింది.

తియ్యడానికి చెయ్యి చాపేలోపు జనం బొమ్మను ఎత్తేశారు. చేతుల మీదుగా అది మండపంలోకి వెళ్లిపోయింది. ప్రదర్శన పెట్టిన కళాసమితి అధ్యక్షుడు జయరాముడు ఎదురొచ్చి చేతులు జోడించాడు. ఆయన తెలుగు లెక్చరరుగా పనిచేసి రిటైరైనవాడు. మైకు కనిపిస్తే వదలడు.

"వార్త తెలిసిందమ్మా. చాలా దారుణం," అన్నాడు.

"సార్, ఆమె చనిపోలేదు. బతికే ఉంది."

"అవునమ్మా. నీ కళలో బతికే ఉంటుంది."

"అది కాదు సార్, నిజంగా బతికుంది! పొద్దున నా ఇంట్లో మజ్జిగ తాగింది!"

జయరాముడు పక్కవాళ్ల వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "పాపం, షాక్‌లో ఉండాది. కొంచెం నీళ్లియ్యండి."

వనిత దాసప్ప దగ్గరికి పరుగెత్తింది. ఇక ఆయనే దిక్కు. "తాతా, నువ్వన్నా చెప్పు! అవ్వ యాడుండాదో చెప్పు!"

అప్పటికే ఆలస్యమైంది. ఆడవాళ్లు దాసప్పను చుట్టేసి, "ఎంత పని జరిగె దాసప్పన్నా, నిన్ను ఒంటరోన్ని చేసి పోయె గదా," అని ఏడుస్తున్నారు. దాసప్ప ఒక్కొక్క మొహమే చూశాడు. ఇంతమంది ఊరికే ఏడవరు. ఆయన భార్య బస్సెక్కింది, ఇప్పుడు ఊరంతా ఏడుస్తోంది. అంటే దారిలో బస్సుకు ఏదో అయ్యుండాలి. ఆయనకు ఇంకే దారీ తోచలేదు.

"పొద్దున బాగానే పోయిండె గదా!" అని దాసప్ప ఒక్కసారిగా భోరుమన్నాడు.

తను పుట్టించిన వార్త ఊరు తిరిగొచ్చి చెబితే తనే నమ్మేశాడు. మొగుడే ఏడుస్తుంటే ఇక అనుమానం ఏముంటుంది? వనిత కూడా నమ్మడం మొదలుపెట్టింది. ఉలిగమ్మ దగ్గర ఫోన్ లేదు. బస్సు ఏమైందో ఎవరిని అడగాలి?

ఇంతలో బాలాజీ మోటారుసైకిల్ మీద వచ్చి దిగాడు. ఇస్త్రీ చొక్కా చెమటకు అతుక్కుపోయింది. చంకలో అంగడి నుంచి తెచ్చిన పట్టుచీర. నాయనను పట్టుకుని ఏడ్చాడు. ఏడుస్తూనే చెప్పాడు. "గొర్ల గురించి దిగులు పడగాకు నాయనా. మనూర్లో పక్కింటి కుళ్ళాయమ్మకు ఫోన్ చేసి చెప్పినా. యాపారి లారీ వచ్చి ఎక్కించుకోని పోయిందంట. ఇంగ వాటిని మేపేది ఎవురు?"

మంద అప్పుడే పోయింది.

బాలాజీ కళ్లు తుడుచుకుని బొమ్మ వైపు చూశాడు. పూర్తిగా కూడా చూడలేదు. కాళ్లకు చెప్పులు లేవు, భుజాన కంబళి, చుట్టూ గొర్రెలు. "నలుగురూ చూస్తాండారు, మా యమ్మను ఇట్లనా పెట్టేది?" అని పట్టుచీర విప్పి బొమ్మ మీద కప్పబోయాడు.

వనిత అడ్డం నిలబడింది. ఆమెకు కూడా కన్నీళ్లు వస్తున్నాయి. అయినా కదల్లేదు.

"కప్పొద్దు."

"మా యమ్మ. నా ఇష్టం."

"మీ యమ్మే. ఈ కంబళి ఆమే కోసిచ్చింది. ఈ కర్ర ఆమే పట్టుకోని నిలబడింది. చెప్పులు ఏసి గీస్తానంటే 'నా కాళ్లు నాకుండాయి' అనింది. ఆమె లేకపోతే, ఈడ ఉండేది ఇదొక్కటే. దీన్ని గూడా పట్టుచీర కింద దాస్తావా? నన్ను దాటి కప్పు చూద్దాం."

బాలాజీ గట్టిగా తోస్తే వనిత పడిపోయేదే. కానీ జయరాముడు మైకు పట్టుకున్నాడు.

ఆయన ఆ బొమ్మ మీద ముందే ఉపన్యాసం రాసి పెట్టుకున్నాడు. సందర్భం మారింది కానీ అంత మంచి ఉపన్యాసం పారేయడానికి ఆయనకు మనసు రాలేదు. అందుకని వాక్యం చివర క్రియలను మాత్రం మారుస్తూ చదివాడు. "ఉలిగమ్మ ఒక ఆశ... అయ్యుండేది. ఎన్ని కరువులొచ్చినా తట్టుకుని నిలబడుతుంది... నిలబడేది. మన సంస్కృతికి ఆమె నిలువెత్తు గుర్తుగా ఉంది... ఉండేది. ఆమె మన మధ్యకు కాసేపట్లో విచ్చేస్తారు..." అని ఆగి, కళ్లజోడు తీసి, "విచ్చేయరు," అన్నాడు. "రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం."

అందరూ లేచి నిలబడ్డారు. కళ్లు మూసుకున్నారు. బాలాజీ సందు చూసి చీరను బొమ్మ పై అంచుకు తగిలించేశాడు. మండపంలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"బే..."

అందరూ కళ్లు తెరిచారు. ఆ గొంతు బొమ్మ వైపు నుంచే వచ్చినట్టుంది.

"బొమ్మలో గొర్రె అరిచె!" అని రంగనాయకమ్మ కుర్చీలో కూలబడింది.

"బే... బే..."

ఈసారి అది వాకిట్లోంచి వచ్చింది. వెంటనే ఇంకో గొంతు లేచింది. ఆ గొంతు మైకు లేకుండానే పెనుకొండ కోట దాకా వినిపించేలా ఉంది.

"ఎవురు సచ్చిందంట్రా ఈడ?"

"ఉలిగమ్మ గారమ్మా. మౌనం పాటించండి," అన్నాడు జయరాముడు. ఆయనొక్కడు ఇంకా కళ్లు మూసుకునే ఉన్నాడు.

"ఉలిగమ్మా? యాడికి పోయినా నేను?"

జయరాముడు కళ్లు తెరిచాడు. మైకు కింద పడింది.

గడపలో ఉలిగమ్మ. చెప్పుల్లేని కాళ్లు, భుజాన కంబళి, చేతిలో కర్ర. ఆమె వెనుక లారీ. లారీలోంచి దిగుతున్న మంద.

జరిగింది ఇది. ఆమె ఎక్కిన బస్సుకు దారిలో టైరు పంచరైంది. ధర్మవరంలో కొడుకు ఇంటికి చేరేసరికి తాళం వేసి ఉంది. "బాలాజీ వాళ్లమ్మ పోయిందంట, పెనుకొండకు పోయినాడు," అని పక్కింటావిడ చెప్పింది. తను చచ్చిపోయిన సంగతి ఉలిగమ్మకు ఆ విధంగా తెలిసింది. వెంటనే పెనుకొండ బస్సెక్కింది. హైవే మీద టీ హోటలు ముందు ఆగిన లారీలో తన గొర్రెలు కనిపించాయి. వీపు మీద ఎర్రరంగు గుర్తు ఆమె చేత్తో పెట్టిందే. బస్సు ఆపించి దిగి, డ్రైవరును అడిగితే, "ఆ మందకు సొంతదారు సచ్చిపోయిందంటమ్మా," అన్నాడు. "సచ్చింది నేనే. ఎక్కు బండి, తిప్పు," అంది ఉలిగమ్మ. డ్రైవరు దారి పొడుగునా ఆమె వైపు చూడకుండా నడిపాడు.

మంద మండపంలోకి దూసుకొచ్చింది. కుర్చీలు పడ్డాయి. మనుషులు కుర్చీలెక్కారు. ఒక గొర్రె పట్టుచీర చెంగు పట్టుకుని లాగితే చీర మొత్తం జారి కింద పడింది. పొట్టేలు ఒకటి నేరుగా బొమ్మ దగ్గరికి పోయి, ముంగాళ్లెత్తి, ఉలిగమ్మ మెడలోని చామంతి దండను అందుకుని తీరిగ్గా నమిలింది. సాక్ష్యం అలా దాని కడుపులోకి పోయింది. నోటి పక్కన దారం మాత్రం వేలాడుతోంది.

దాసప్ప భార్యను కింది నుంచి పై దాకా చూశాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "బస్సులో సీటు దొరికెనా?" అని అడిగాడు.

ఉలిగమ్మ మండపం మధ్యలోకి వచ్చి కర్ర నేలకు తాటించింది.

"వరసగా రెండేండ్లు వాన రాకపోతే నేను సావలేదు. గాలికుంటు రోగానికి సగం మంద పోతే సావలేదు. గనులు మూసేసి ఊరు సగం ఖాళీ అయితే, ఆ దిబ్బల మీదనే గొర్లు మేపుకున్యా గానీ సావలేదు. ఈపొద్దు ఒక చామంతి దండకు సస్తానని ఎట్ల అనుకుంటిరప్పా మీరంతా?"

రెండు నిమిషాల మౌనం అప్పుడు మొదలైంది.

"ఏమిరా బాలాజీ," అంది ఉలిగమ్మ. "నేను పోయినానని చెప్పినోళ్లు గొర్లు గూడా పోయినాయని చెప్పినారేమి?"

"అమ్మా... వాటిని మేపేటోళ్లు లేరని..."

"నేను పాడె ఎక్కకముందే అవి లారీ ఎక్కినాయి. మేపేదాన్ని వచ్చినా. ఇంగ పందెం ఉండాది గదా, బొమ్మ చూడు. సరిగ్గా చూసి చెప్పు. అమ్మల్లా, వద్దా?"

బాలాజీ బొమ్మ దగ్గరికి వెళ్లాడు. ఈసారి మొహం తిప్పుకోవడానికి వీల్లేదు. ఊరంతా కుర్చీల మీద నిలబడి అతన్నే చూస్తోంది. అతని చెయ్యి అలవాటు కొద్దీ ముందు గుడ్డ మీదికే పోయింది. రోజంతా పట్టు తడిమే వేళ్లతో కంబళి ముక్కను తడిమి చూశాడు.

"ఇది మన నల్లగొర్రె ఉన్ని," అన్నాడు మెల్లగా. "వానొస్తే దీన్ని కప్పుకోనే బడికి పోయేటోన్ని."

"అది గాదు నేనడిగింది."

"అమ్మొద్దులేమ్మా."

"గట్టిగా చెప్పు. లారీ డ్రైవరు వినల్ల."

"అమ్మొద్దు!"

"అట్లయితే లారీ ఎక్కు. మంద మధ్యలో కూర్చోని, ఊరి దాకా నువ్వే తోలుకోని పో. ఆ చొక్కాతోనే."

కింద పడిన పట్టుచీరను ఉలిగమ్మ కర్రతో ఎత్తి చూసింది. "ఇదేంది?"

"నీకు... కప్పేకి తెచ్చింటి."

"సచ్చినాక కప్పితే రంగు నాకెట్ల తెలుస్తాది? ఇట్లియ్యి. పండక్కి కట్టుకుంటా," అని మడిచి చంకలో పెట్టుకుంది.

జయరాముడు మైకు ఏరుకుని, క్రియలన్నీ మళ్లీ వర్తమానంలోకి మార్చి ఉపన్యాసం మొదటి నుంచి చదవబోయాడు. వనిత ఆపింది. ఆమెకు ఒకటి తేలాలి.

"ముందు ఆ దండ ఎవరు ఏసినారో తెలియల్ల. ఇంత రచ్చకూ అదే మూలం. నేను తీసేస్తే మళ్లీ ఏసినారు. బొమ్మలో ఆమె బొట్టు కరిగిపోయి ఉంటే దాని మీద కుంకుమ గూడా పెట్టినారు."

"నేనైతే కాదు," అన్నాడు ఎల్లప్ప వెంటనే. "దుడ్ల సంగతి ముందే చెప్పినా."

"నాకు తెలిసేసరికే దండ ఉండాది," అంది రంగనాయకమ్మ కుర్చీలోంచి.

అందరూ బాలాజీని చూశారు. అతను అప్పటికే లారీ వైపు వెళుతూ, "నేను ధర్మవరంలో ఉంటి గదా!" అని అరిచాడు.

మండపం మూల నుంచి ఒక దగ్గు వినిపించింది. దాసప్ప లేచి నిలబడ్డాడు. తలకు చుట్టిన తువ్వాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు. ఆయన అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం ఉలిగమ్మ కూడా ఎప్పుడూ వినలేదు.

"నేనే. రాత్రి అంగడి మూసేముందు బొమ్మ చూసినా. మొగం అచ్చం ఈమెదే. బొట్టు మాత్రం సగం లేదు. ఏమ్మా వనితా, నేను ఇంగా బతికే ఉండాను గదా, నా పెండ్లానికి బొట్టు ఎట్ల చెరుపుతావు? చూసినోళ్లు నేను సచ్చిపోయినానని అనుకోరా? అందుకే నిండుగా కుంకుమ పెట్టినా. బొట్టు నిండినాక మెడ బోసిగా కనబడె. మా పెండ్లి కరువులో అయింది. యాడా పూలు దొరక్క తంగేడు పూలు గుచ్చి ఏసినారు. ఒక మంచి దండ ఏయల్లని అప్పట్నుంచి నాకు ఉండె. పొద్దున బస్టాండులో కొని, ఎల్లప్ప టీకి పోయినప్పుడు ఏసినా. నువ్వు తీసి పారేస్తివి. జేబులో పెట్టుకోని వచ్చి ట్రాలీలో మళ్లా ఏసినా. సచ్చినోళ్లకేనా దండ? ఆంజనేయస్వామికి ఏయరా?"

ఉలిగమ్మ కర్ర పట్టుకున్న చెయ్యి కొంచెం కిందికి దిగింది.

"అంత ఆశ ఉంటే నా మెడలోనే ఏయొచ్చు గదయ్యా. పొద్దున బస్సు కాడ ఎదురుగానే ఉంటి గదా. బొమ్మకెందుకు ఏస్తివి?"

"బొమ్మయితే తిట్టదు," అన్నాడు దాసప్ప.